ఆర్సీలో పేరు మారేదాకా బండి మీదే

హన్మకొండలో మాది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. బండి పేరు మార్పిడి కాయితాలు పట్టుకొని మా షాపుకు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది కొన్నవాళ్లే. అమ్మినవాళ్లు రారు. పైసలు చేతిలో పడ్డాయి, తాళం చెవి ఇచ్చేశాం, ఇంక మనకేం పని అనుకుంటారు. నిజానికి టెన్షన్ పడాల్సింది అమ్మినవాళ్లే. కొన్నవాడి దగ్గర కనీసం బండైనా ఉంటుంది. అమ్మినవాడికి మిగిలేది ఆర్సీలో పేరు, ఆ పేరు మీద వచ్చే బాధ్యత.

పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఫోన్‌లో చలాన్ల మెసేజ్‌లు చూపించి, "బండి అమ్మి రెండేండ్లాయె బిడ్డా, గీ ఫైన్లు నాకెందుకొస్తున్నయ్? నేను కరీంనగర్ మొకమే చూడలే" అన్నాడు. నంబరు కొట్టి చూస్తే బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది. కొన్నవాడు ఇంకొకరికి అమ్మాడు, అతను ఎవరో ఈయనకు తెలియదు. చలాన్లతో పోతే అదృష్టమే. అదే బండి ఎవరినైనా గుద్దితే? ఇలాంటి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక మారుతి కారు వరసగా చేతులు మారింది, ఆర్సీలో మాత్రం మొదటి ఓనర్ పేరే ఉండిపోయింది. యాక్సిడెంట్ అయ్యాక, ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనర్, పరిహారం బాధ్యత కూడా వాళ్లదేనని 2018లో కోర్టు తేల్చింది. "నేను ఎప్పుడో అమ్మేశా" అన్న మాట నిలబడలేదు.

కాబట్టి నేను అందరికీ చెప్పే మొదటి మాట ఇదే. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బండితో పాటు ఇచ్చేయకండి. మన దగ్గర ఇది మామూలైపోయింది. పేరు మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవాడి సంతకాలు తీసుకుంటారు, కొన్నవాడి పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తారు. బ్రోకర్‌కు అదే కావాలి. తన పేరు మీదకు మార్చుకుంటే ఫీజు కట్టాలి, ఆర్సీలో ఇంకో ఓనర్ పెరిగితే బండి ధర తగ్గుతుంది. అందుకని ఆ కాయితాలు అట్లాగే సీటు కింద పెట్టుకొని, గిరాకీ దొరికినప్పుడు ఇంకొకరికి అంటగడతాడు. ఈ లోపల బండి ఎక్కడ తిరిగినా, ఎవరు నడిపినా లెక్క మీ ఖాతాలోనే.

సెకండ్ హ్యాండ్ షాపుకు అమ్ముతుంటే దీనికి ఇప్పుడు చట్టంలోనే దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం, రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకున్న డీలర్‌కు బండి అప్పగిస్తే ఆ సంగతి ఫారం 29సీతో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అక్కడి నుంచి బండి బాధ్యత డీలర్‌ది. "మీకు ఆథరైజేషన్ ఉందా, 29సీ పెడతారా" అని అడగండి. అడగ్గానే మాట దాటేస్తే, వెయ్యి రెండు వేలు తక్కువ వచ్చినా నేరుగా వాడుకునే మనిషికే అమ్ముకోవడం నయం.

కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఒరిజినల్ ఆర్సీ చేతిలోకి తీసుకొని, ఫైనాన్స్ ఉందా లేదా అన్న చోట ముందు చూడండి. అక్కడ బ్యాంకు పేరో, ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటే, కిస్తీలన్నీ కట్టేశామని ఓనర్ ఎంత ఒట్టేసినా పేరు మారదు. అప్పు ఇచ్చినవాళ్ల నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ లెటర్, ఆర్సీలో ఫైనాన్స్ తీసేయమని వాళ్ల సంతకం, స్టాంపు ఉన్న ఫారం 35 రెండు కాపీలు రావాలి. ఎన్‌ఓసీ మీద గడువు తేదీ ఉంటే అది దాటిపోకుండా చూసుకోవాలి. చివరి కిస్తీ కట్టిన సంతోషంలో ఆ లెటర్‌ను బీరువాలో పెట్టి మరిచిపోతారు, అమ్మే రోజు తీస్తే గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మళ్లీ ఆ ఆఫీసు చుట్టూ తిరగాలి. మీరే అప్పు మీద కొంటుంటే మీ ఫైనాన్స్ పేరు ఎక్కించడానికి ఫారం 34 కూడా పడుతుంది.

చలాన్లు మన పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు కొడితే కనిపిస్తాయి. 2022లో ఒకసారి, 2023 డిసెంబర్‌లో ఇంకోసారి రాయితీ ఇచ్చారు కదా, అప్పటి నుంచి మళ్లీ డిస్కౌంట్ వస్తుందని ఎదురుచూస్తూ కట్టకుండా ఆపుకున్నవాళ్లు చాలామంది. ఆ బాకీ మీ నెత్తిన పడకుండా బేరం రోజే కట్టించేయండి, లేదా ధరలో కోసుకోండి. ఆర్సీ మీద రిజిస్ట్రేషన్ గడువు కూడా చూడండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండ్లకు రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. రెన్యువల్ అయిదేళ్లకే ఇస్తారు. రాష్ట్రం విడిపోకముందు నాటి ఏపీ 36 నంబరు బండ్లు వరంగల్‌లో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. చవకగా వస్తున్నాయంటే సగం కారణం ఇదే.

నంబరు గురించి ఒక మాట. పేరు మారితే నంబరు మారదు. ఏపీ 36 అట్లాగే ఉంటుంది, టీఎస్ 03 అట్లాగే ఉంటుంది. టీజీ సిరీస్ 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు వచ్చింది. పాత నంబర్లు టీజీలోకి మార్చుకోవాల్సిందే అని ఎవరైనా పైసలు అడిగితే నవ్వి ఊరుకోండి.

బేరం కుదిరిన రోజు తెల్ల కాగితం మీదైనా సరే ఒక అమ్మకం చీటీ రాసుకోండి. అందులో తేదీ ఒక్కటే చాలదు, టైమ్ కూడా వేయండి. సాయంత్రం 5 గంటలకు బండి ఇచ్చారు, 7 గంటలకు కెమెరా చలాన్ పడింది, అప్పుడు ఆ టైమే అక్కరకొస్తుంది. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, కిలోమీటర్ల రీడింగ్, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. కొన్నవాడి ఆధార్, లైసెన్స్ జిరాక్స్ తీసుకోండి. పైసలు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పడితే అది కూడా ఒక రుజువు. అయితే ఈ చీటీ వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసినా, నోటరీ చేయించినా ఆర్సీకి బదులు కాదు. పేరు మార్పిడికి అది తోడు మాత్రమే.

ఇక ఫారాలు. 29 అంటే అమ్మినవాడు ఆర్టీఏకు ఇచ్చే సమాచారం, రెండు కాపీలు. 30 ఇద్దరి తరఫున పేరు మార్చమనే దరఖాస్తు. చట్టం ప్రకారం రాష్ట్రం లోపలే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో. ఓనర్ సంతకం బండి మొదట రిజిస్టర్ అయినప్పుడు పెట్టినట్టే ఉండాలి. అప్పట్లో తెలుగులో పెట్టి, ఇప్పుడు కొడుకు నేర్పించాడని ఇంగ్లీషులో పెట్టేవాళ్లు మా దగ్గరకు తరచుగా వస్తారు. పాత కాయితం ముందు పెట్టుకొని చూసి పెట్టమంటాను.

ఆ ఫారాల మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ కూడా అతికించాలి. దీనికి ఏజెంట్లు విడిగా పైసలు తీసుకుంటారు కానీ చిన్న పిల్లవాడు కూడా చేయగలడు. మోటార్ సైకిల్‌కైతే హ్యాండిల్ కింద మెడ దగ్గర ఇనుము మీద నంబరు గుద్ది ఉంటుంది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో అక్కడి జిడ్డు, మట్టి శుభ్రంగా తుడవాలి, తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. పల్చటి తెల్ల కాగితం ముక్క దాని మీద బిగించి పట్టి, మెత్తటి పెన్సిల్‌ను పక్కకు వంచి ఒకే దిక్కుకు రుద్దితే అంకెలు తెల్లగా, చుట్టూ నల్లగా పైకి తేలతాయి. కాగితం కదిలితే 8 కాస్తా 3 లాగా కనిపిస్తుంది, ఇంకో ముక్క తీసుకోండి. ఆ ప్రింట్‌ను ఆర్సీతో అంకె అంకె సరిపోల్చండి. కొనేవాళ్లకు దీంతో ఇంకో లాభం, దొంగ బండి అయితే, నంబరు చెరిపి మళ్లీ గుద్ది ఉంటే, కంటికి కనిపించని వంకర పెన్సిల్‌కు దొరుకుతుంది.

తర్వాత రవాణా శాఖ వెబ్‌సైట్‌లో పేరు మార్పిడి సర్వీసు తీసుకొని స్లాట్ బుక్ చేయాలి. కేంద్రం పెట్టిన ట్రాన్స్‌ఫర్ ఫీజు మోటార్ సైకిల్‌కు 150, సొంత కారుకు 300 రూపాయలు. స్మార్ట్ కార్డుకు 200, దాని మీద సర్వీస్ ఛార్జీలు, పోస్టల్ ఛార్జీలు పడతాయి. ఆ రసీదు చూశాక ఏజెంట్ చెప్పిన రేటుతో పోల్చుకోండి, కోపం దానంతట అదే వస్తుంది. నేను కూడా ఫారం నింపినందుకు తీసుకుంటాను, కాదనను. కానీ గవర్నమెంట్ ఫీజు ఎంత, నా కూలి ఎంత అన్నది వేర్వేరుగా చెబుతాను. మీరు ఎవరి దగ్గర చేయించినా అట్లాగే అడగండి.

స్లాట్ రోజు ఒరిజినల్ ఆర్సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్, పాన్ కార్డు (అది లేకపోతే ఫారం 60), ఫొటోలు, ఫీజు రసీదు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకొని వెళ్లండి. అమ్మినవాళ్లు కూడా వెంట వెళ్లండి. ఒక పూట కూలి పోతుంది, నిజమే. కానీ పని అయిందో లేదో కళ్లతో చూస్తారు. కొన్నవాళ్లు పేరు స్పెల్లింగ్, ఛాసిస్ నంబరు, ఫైనాన్స్ తీసేశారా లేదా అన్నది తర్వాత గవర్నమెంట్ యాప్ ఎంపరివాహన్‌లో చూసుకోండి. ఫోన్‌లో డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో కనిపించే ఆర్సీ కూడా చట్టం ప్రకారం చెల్లుతుంది కాబట్టి, పోస్టులో కార్డు ఆలస్యమైతే కంగారు పడొద్దు.

ఇన్సూరెన్స్ సంగతి ఎక్కువమంది వదిలేస్తారు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్లకు అయిదేళ్లు, కార్లకు మూడేళ్లు థర్డ్ పార్టీ (మన బండితో ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాంతో సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి ఇంకా గడువు ఉంది కదా అని ధీమా. బండి చేతులు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీకి మీ పేరు మీదకు మార్చమని దరఖాస్తు చేయాలి. లేదంటే రేపు మీ బండి పగిలితే మీ డ్యామేజీ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో రాదు, అది పాత ఓనర్‌ది. అమ్మినవాళ్లు కంపెనీ నుంచి ఆ సర్టిఫికెట్ తీసుకుంటే తర్వాత కొనే బండికి వాడుకోవచ్చు.

ఓనర్ చనిపోయిన బండికి దారి వేరు. 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరు మీదకు మార్పించుకోవాలి. డెత్ సర్టిఫికెట్, మీసేవలో పెట్టి తహసీల్దార్ దగ్గర తీసుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్ కావాలి. పెళ్లయి వెళ్లిన అక్కాచెల్లెళ్ల సంతకం కూడా ఇందులో ఉండాలి. "బండికి కూడా ఆడబిడ్డ సంతకమా" అని నా ముందే మొహం చిట్లించిన అన్నలు ఉన్నారు. అవును, కావాలి. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు పెట్టుకునే వీలు వచ్చింది. పేరు మార్పిడి చేయించుకునేటప్పుడే ఇంట్లోవాళ్ల పేరు పెట్టేస్తే ఈ తిప్పలు తగ్గుతాయి.

ట్రాక్టర్ కొనేవాళ్లు ట్రాలీని మరవొద్దు. ఇంజన్‌కు ఒక ఆర్సీ, ట్రాలీకి ఒక ఆర్సీ, రెండింటికీ విడివిడిగా పేరు మారాలి. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చే ట్రాక్టర్లలో ఇంజన్ ఒకరి పేరు మీద, ట్రాలీ మరొకరి పేరు మీద ఉన్నవి లేకపోలేదు.

కాళేశ్వరం అవతల నుంచి, మంచిర్యాల పై నుంచి వచ్చే మహారాష్ట్ర నంబరు ఎంహెచ్ 33, ఎంహెచ్ 34 బండ్లు కూడా ధర చూసి కొనేస్తుంటారు. వాటికి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ట్యాక్స్ కలుపుకున్నాక కూడా చవకే అనిపిస్తే కొనండి. ఎన్‌ఓసీ తర్వాత పంపిస్తా అనేవాడి దగ్గర మాత్రం కొనొద్దు.

ఇప్పటికే అమ్మేసి, పేరు మారకుండా ఉన్నవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. ముందు కొన్నవాడికి ఫోన్ చేసి, స్లాట్ నేనే బుక్ చేస్తా, ఫీజు కూడా నేనే పెడతా, వచ్చి సంతకం పెట్టు అనండి. మూడొందలు, అయిదొందలకు మొహమాటపడే విషయం కాదిది. మనిషి దొరక్కపోతే అమ్మకం చీటీ, పైసలు పడిన రుజువు, కొన్నవాడి ఆధార్ జిరాక్స్ జతచేసి ఆర్టీఏకు ఫారం 29తో పాటు దరఖాస్తు రాసి ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అదే కాపీతో పోలీస్ స్టేషన్‌లోనూ ఒక దరఖాస్తు ఇవ్వండి. దీంతో మీ పేరు ఆర్సీలో నుంచి దానంతట అదే పోదు, కానీ ఏ తేదీన తెలియజేశారో మీ చేతిలో కాగితం ఉంటుంది. పరకాల పెద్దాయనకు కూడా నేను రాసిచ్చింది ఇదే. కారు అమ్మినవాళ్లైతే ఫాస్టాగ్ కూడా మూయించుకోండి, లేకపోతే టోల్ దాటినప్పుడల్లా పైసలు మీ ఖాతాలో నుంచే కట్ అవుతాయి.