ఆరోగ్య కార్యక్రమాల ప్లానింగ్ – 7వ పాఠం: రింగ్ పెట్టాక తేదీల లెక్క

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చిన్నదే. మగవాళ్ళకు ఆపరేషన్ బదులు సున్తీకి వాడే రింగ్‌ను సోమవారం పెట్టి 7వ రోజున తీయాలంటే, ఆ తీసే రోజు ఏది? చాలామంది ఆదివారం అని రాశారు. సెలవు కాబట్టి శనివారానికి జరిపాం అని కొందరు వివరణ కూడా ఇచ్చారు. అందుకే ఈసారి చెబుదామనుకున్న ఖర్చుల పాఠం వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను. ఈ లెక్క కుదరకుండా ముందుకు వెళితే, మీరు వేసే ప్లాన్‌లో నష్టపోయేది రింగ్ పెట్టుకున్న మనిషి.

కొత్తగా చేరినవాళ్ళకు రెండు ముక్కల్లో నేపథ్యం. దక్షిణాఫ్రికాలోని ఆరెంజ్ ఫార్మ్, కెన్యాలోని కిసుము, ఉగాండాలోని రకాయిలో జరిగిన మూడు ట్రయల్స్‌లో, సున్తీ చేయించుకున్న మగవాళ్ళకు స్త్రీల నుంచి హెచ్‌ఐవీ సోకడం దాదాపు 60 శాతం తగ్గిందని తేలింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఇతర నివారణ పద్ధతులకు తోడుగా సిఫారసు చేసింది. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో పెద్ద ఎత్తున ఉచిత సున్తీ కార్యక్రమాలు మొదలయ్యాయి. ఆపరేషన్‌కు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, సర్జన్లు తక్కువ. అందుకే పరికరాల మీద ఆశ పుట్టింది. రెండు రింగ్ పరికరాలు, 2013లో ప్రీపెక్స్, 2015లో షాంగ్‌రింగ్, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ (కార్యక్రమాల్లో వాడటానికి తగినదన్న ముందస్తు ఆమోదం) పొందాయి.

ఇప్పుడు లెక్క. మన ఇళ్ళల్లో బారసాలకు పదకొండో రోజు లెక్కపెట్టేటప్పుడు పుట్టిన రోజును ఒకటిగా పెట్టుకుంటాం. ఆ అలవాటే ఇక్కడ దెబ్బ కొట్టింది. ఈ కార్యక్రమాల్లో రింగ్ పెట్టిన రోజు సున్నా. మర్నాడు ఒకటి. తీసేది 7వ రోజు. సోమవారం పెడితే మళ్ళీ సోమవారమే తీయాలి, ఆదివారం కాదు. ఒక్క రోజే కదా అనుకోవద్దు. ప్రీపెక్స్‌లో ముందు చర్మం కింద ఒక ప్లాస్టిక్ రింగ్ పెడతారు, పైనుంచి ఎలాస్టిక్ రింగ్ బిగిస్తారు. రెండింటి మధ్య నలిగిన చోట రక్తం ఆగిపోతుంది. ఆ కిందిభాగం రోజురోజుకూ నల్లబడి, ఎండి, తోలులా గట్టిపడుతుంది. 7వ రోజున ఆ ఎండిన చర్మాన్ని కత్తిరించి రింగులు తీస్తారు. ఆ వారమంతా చర్మం మీద పని జరుగుతూనే ఉంటుంది. ఆ వారాన్ని మన సెలవుల కోసం కుదించకూడదు.

షాంగ్‌రింగ్ పని వేరు. లోపలి రింగ్ మీదికి ముందు చర్మాన్ని తిరగేసి, బయటి రింగ్‌ను లాక్ చేసి, చర్మాన్ని అప్పుడే కోసేస్తారు. కుట్లు ఉండవు. రింగ్ మాత్రం వారం ఉంటుంది. నాకు దీనిమీదే మొగ్గు ఎక్కువ. ఎందుకో ఇప్పుడు చెప్పేదానిలో తెలుస్తుంది.

ధనుర్వాతం. మీ జవాబుల్లో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఇదే. “రింగ్ పెట్టే రోజునే టీటీ ఇంజెక్షన్ ఇస్తాం” అని దాదాపు అందరూ రాశారు. ప్రీపెక్స్‌కు అది చెల్లదు. ధనుర్వాతం క్రిమి ఆక్సిజన్ లేని చోటే పెరుగుతుంది. రక్తం ఆగిన, చచ్చిన చర్మం వారం రోజులు ఒంటిమీదే ఉంటే ఆ క్రిమికి అంతకంటే ఏం కావాలి? సున్తీ తర్వాత ధనుర్వాతం వచ్చిన కేసులు నిజంగా బయటపడ్డాయి, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీపెక్స్‌ను ధనుర్వాతం రక్షణ ఉన్నవాళ్ళకే పెట్టాలంది. టీకా రికార్డు లేని మనిషికి రెండు డోసులు కావాలి. డోసుల మధ్య కనీసం 4 వారాలు. రెండో డోసుకూ రింగ్‌కూ మధ్య కనీసం 2 వారాలు. టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, ఒంట్లో తయారుకావడానికి సమయం పడుతుంది. ఆ రెండు వారాలు అందుకే.

ఇక్కడ ఇంకో ప్రశ్న రావాలి, ఎవరూ అడగలేదు. పెద్ద మగవాళ్ళకే ఈ బెడద ఎందుకు? ఆడవాళ్ళకు గర్భం వచ్చినప్పుడు ధనుర్వాతం టీకా పడుతుంది. మన ఊళ్ళలోనూ అంతే కదా. మగవాడికి పసితనంలో వేసినవే దిక్కు, తర్వాత బూస్టర్ వేయించేవాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళ మనిషి “నాకు చిన్నప్పుడు వేశారు” అంటే అది రికార్డు కాదు. మీ ప్లాన్‌లో అతన్ని టీకా లేనివాడిగానే రాయండి.

షాంగ్‌రింగ్‌కు ఈ 4, 2 వారాలు కలిపి 42 రోజుల ఎదురుచూపు లేదు. చచ్చిన చర్మం ఒంటిమీద మిగలదు కాబట్టి, ఆ దేశం టీకా విధానం ప్రకారం టీటీ ఇస్తే చాలు. అందుకే నా మొగ్గు అటు.

ప్రీపెక్స్ తేదీలు ఒకసారి వేసి చూద్దాం. మొదటి డోసు ఫిబ్రవరి 2, సోమవారం అనుకోండి. లీపు సంవత్సరం కాదు. రెండో డోసు మార్చి 2. రింగ్ మార్చి 16. తీసేది మార్చి 23. ఆ తర్వాత 6 వారాలు కలయిక వద్దు, అంటే మే 4 వరకు. మొత్తం 91 రోజులు. గమనించారా, అన్నీ సోమవారాలే. 28, 14, 7, 42 అన్నీ ఏడు ఎక్కాల్లోవే. నేను తేదీలు సరిచూసేది ఇలాగే: వారం పేరు మారిందంటే లెక్క తప్పినట్టే. అపాయింట్‌మెంట్ కార్డు మీద తేదీ కన్నా వారం పేరు పెద్దగా రాయించండి. తేదీ మరిచిపోయినా “మళ్ళీ సోమవారం” అన్నది గుర్తుంటుంది.

ఇంకో అలవాటు కూడా చేసుకోండి. ముందు తీసే రోజు ఖాయం చేసి, వెనక్కి లెక్కపెట్టండి. ఉగాండాలో జూన్ 3 మార్టర్స్ డే, ఆసుపత్రి ఓపీ ఉండదు. కాబట్టి మే 27న రింగ్ పెట్టకూడదు. టీకాల మధ్య గడువు పెరిగితే పరవాలేదు, తగ్గకూడదు. రింగ్ ఉండే వారాన్ని మాత్రం అటూ ఇటూ జరపొద్దు.

మనుషుల లెక్క. మీ టీమ్ రోజుకు 24 మందిని చూడగలదనుకోండి. మొదటి వారం రోజుకు 24 రింగులు పెడితే, రెండో వారం ఆ 24 మందీ తీయించుకోవడానికి తలుపు దగ్గర ఉంటారు. కొత్తవాళ్ళకు చోటు లేదు. పెట్టడానికి కొన్ని నిమిషాలు చాలు అన్న మాట విని టార్గెట్లు వేసేవాళ్ళు దీన్ని మరిచిపోతారు. నిలకడగా నడవాలంటే రోజుకు 12 పెట్టడాలు, 12 తీయడాలు.

సర్జన్ అవసరం లేదని రాసినవాళ్ళు ఆ వాక్యం కొట్టేయండి. రింగ్ పక్కకు జరిగినా, నొప్పి భరించలేక మనిషి తానే లాగేసుకున్నా, గంటల్లో ఆపరేషన్ చేయాలి. ముందు చర్మం బిగుసుకుపోయిన ఫైమోసిస్ ఉన్నవాళ్ళకు ప్రీపెక్స్ అసలు పెట్టరు, వాళ్ళకు ఆపరేషనే. సర్జన్ అందుబాటులో లేని చోట రింగుల పెట్టె తెరవకూడదు.

అభ్యాసం ఈసారి పెద్దది, ఒక పూట కేటాయించండి. ఉగాండాలో ఒక ఆరోగ్య కేంద్రం. పని సోమవారం నుంచి శుక్రవారం వరకు. ఆగస్టు 3 సోమవారం. ఆ రోజు నుంచి ఆగస్టు 28 వరకు ప్రతి పనిరోజూ 20 మందికి మొదటి డోసు వేస్తారు, ఎవరికీ టీకా రికార్డు లేదు. పరికరం ప్రీపెక్స్. టీకాలు వేసేది వేరే నర్సు. రింగుల టీమ్ రోజుకు 24 మందిని మించి చూడలేదు, పెట్టడం ఒకటి, తీయడం ఒకటిగా లెక్క. అక్టోబర్ 9 ఉగాండా స్వాతంత్ర్య దినం, సెలవు. ఎవరికి ఏ రోజు రింగ్ పెడతారో, ఏ రోజు తీస్తారో మొత్తం పట్టిక వేయండి. ఆగస్టు 21న మొదలైనవాళ్ళనూ, 28న మొదలైనవాళ్ళనూ విడిగా చూడండి, ఇద్దరి సమస్యా ఒకటి కాదు. ఒకరి రింగ్ జరిగిపోయి ఆపరేషన్ చేయాల్సి వస్తే సర్జన్ ఎక్కడినుంచి వస్తాడో పట్టిక కింద ఒక వాక్యంలో రాయండి.