డిసెంబరు 31 రాత్రి బార్‌కు వెళ్లేముందు

కొత్త సంవత్సరం ముందురాత్రి కర్నూలులో కుర్రాళ్లు బైకుల మీద బార్లకు బయలుదేరతారు. అర్ధరాత్రి దాటాక అవే బైకుల మీద తిరిగి వస్తారు. నా భయమంతా ఆ తిరుగు ప్రయాణం గురించే. హైదరాబాద్, బెంగళూరుల మధ్య లారీలూ బస్సులూ తిరిగే 44వ నంబరు జాతీయ రహదారి మన ఊరిని ఆనుకునే పోతుంది. తాగినవాళ్లు ‘హైవే మీద ఒక రౌండ్ వేసి వద్దాం’ అనుకునే రాత్రి కూడా అదే.

అందుకే ఇంటికి ఎలా చేరాలో మొదటి గ్లాసు ముట్టకముందే తేల్చుకోండి. తెలిసిన ఆటో డ్రైవరుతో సాయంత్రమే మాట్లాడి, ఎన్ని గంటలకు రావాలో చెప్పి, మామూలు కంటే ఎక్కువ ఇస్తామని ఒప్పుకోండి. ఆ సమయంలో అప్పటికప్పుడు బండి దొరకడం కష్టం. బైకు ఇంట్లోనే ఉంచండి. తాళంచెవి జేబులో ఉంటే ‘నాకేం కాలేదు, నేను నడపగలను’ అనే మాట తప్పకుండా వస్తుంది. మద్యం అన్నిటికంటే ముందు మందగింపజేసేది మన అంచనానే. కాబట్టి ఆ మాట ఎంత స్పష్టంగా పలికినా నమ్మకండి.

చట్టం ప్రకారం నడిపేవారి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ మించకూడదు. అరవై కిలోల మగవాడు ఖాళీ కడుపుతో 60 మిల్లీలీటర్ల విస్కీ తాగితే చాలు, సాధారణంగా ఆ హద్దు దాటుతాడు. ఆడవాళ్లకు చిన్న పెగ్గే (30 మిల్లీలీటర్లు) చాలవచ్చు. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం మత్తును తగ్గించవు. కాలేయం గంటకు సుమారు ఒక చిన్న పెగ్గును మాత్రమే కరిగించగలదు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి నాలుగు పెద్ద పెగ్గులు (ఒక్కోటి 60 మిల్లీలీటర్లు) తాగినవాడు పొద్దున ఆరింటికి నిద్రలేచి బండి తీసినా హద్దు మీదే ఉండవచ్చు. జనవరి ఒకటిన తెల్లవారుజామునే గుడికి, ఊరికి బయలుదేరేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కాక్‌టెయిల్ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. విస్కీ ఘాటు గొంతుకు తెలుస్తుంది, చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది. పండ్లరసం, చక్కెర పాకం, సోడా కలిసిన గ్లాసులో ఆ ఘాటు దొరకదు, చల్లగా గొంతు దిగిపోతుంది. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీలో టీ ఉండదు. అందులో వోడ్కా, జిన్, రమ్, టెకీలా, నారింజ లిక్కర్ ఉంటాయి, రంగు కోలాది. ఒక్కొక్కటి 15 మిల్లీలీటర్లు పోసినా ఒక్క గ్లాసులోనే రెండున్నర చిన్న పెగ్గులు పడినట్టు. కాబట్టి ఏమేం కలుపుతున్నారో, ఎంత పోస్తున్నారో అడగండి, కొలత కప్పుతోనే పోయమనండి. ఇలా అడగడానికి మొహమాటం అక్కర్లేదు, డబ్బులు ఇచ్చేది మీరే. గ్లాసులు కాదు, పెగ్గులు లెక్కపెట్టండి. ఎనర్జీ డ్రింకుతో కలిపింది మాత్రం వద్దు. మత్తు అలాగే ఉంటుంది, నిద్రమబ్బు మాత్రం తెలియదు, దాంతో ఇంకో గ్లాసు తాగేస్తారు.

వెళ్లేముందు కడుపు నిండా అన్నమో సంగటో తినండి. వేయించిన పల్లీలు, చికెన్ ముక్కలు భోజనానికి సాటి రావు, పైగా ఉప్పుకారాలకు దాహం పెరిగి గ్లాసు త్వరగా ఖాళీ అవుతుంది. ప్రతి గ్లాసుకూ మధ్య ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి.

షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. తాగిన కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అప్పుడు చెమటలు, తడబాటు, పొంతన లేని మాటలు కనిపిస్తాయి. చుట్టూ ఉన్నవాళ్లు ‘ఎక్కువైంది, పడుకోనివ్వండి’ అనుకుంటారు. ఆ పొరపాటు ప్రాణం తీయగలదు. మీ జబ్బు సంగతి పక్కనున్న ఒక్కరికైనా చెప్పి ఉంచండి. నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు అసలు తాగకూడదు.

ఇరవై ఒక్కేళ్లు నిండని తమ్ముళ్లను వెంట తీసుకెళ్లకండి, మన రాష్ట్రంలో ఆ వయసులోపు వాళ్లకు మద్యం అమ్మడం చట్టవిరుద్ధం. తాగనన్నవాడిని బలవంతపెట్టకండి. గ్లాసు వదిలి బయటికి వెళ్లి వస్తే అది మళ్లీ ముట్టకండి, ముఖ్యంగా అమ్మాయిలు. కొంత నగదు కూడా దగ్గర ఉంచుకోండి.

స్నేహితుడు మత్తులో పడిపోతే వెల్లకిలా పడుకోబెట్టవద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి, పైకాలు మోకాలి దగ్గర ముడిచి, తల కొంచెం వెనక్కి వంచి పడుకోబెట్టి, అతని పక్కనే ఉండండి. ఎంత తట్టినా లేవకపోయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటుతున్నా, పెదవులు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాడి నోట్లో మజ్జిగ, చక్కెర నీళ్లు ఏవీ పోయవద్దు. తెలియని చోట కొన్న మద్యం తాగాక చూపు మసకబారితే ఉదయం దాకా ఆగవద్దు, అది కల్తీ మద్యంలో ఉండే మిథనాల్ విషం కావచ్చు. ఇంట్లో తెలుస్తుందనో పోలీసులు వస్తారనో ఆలస్యం చేయకండి. ఆసుపత్రిలో ఏం తాగాడు, ఎంత తాగాడు, ఏ మాత్రలు వాడుతున్నాడు అనేవి దాచకుండా చెప్పండి. సీసా దొరికితే అదీ వెంట తీసుకెళ్లండి.