ఎండల్లో ఎండీసీ డ్రమ్ము తెరిచే ముందు

మన బల్క్ డ్రగ్ ప్లాంట్లలో అందరూ ఎండీసీ అని పిలిచే మిథిలీన్ క్లోరైడ్ అనే ద్రావకం, అంటే ఇతర పదార్థాలను కరిగించే ద్రవం, సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. జీడిమెట్లలోనైనా పాశమైలారంలోనైనా మే నెల ఎండ అంతకు మించే రోజులుంటాయి కాబట్టి, ఆరుబయట వదిలేసిన డ్రమ్ములో ఆవిరి ఒత్తిడి పెరిగి పైభాగం ఉబ్బుతుంది. అలా ఉబ్బిన డ్రమ్మును కదిలించకుండా, దూరం నుంచి నీళ్లు చల్లి బాగా చల్లబరచాలి. ఆ తర్వాత ముఖం పక్కకు ఉంచి, చిన్న బిరడాను కొద్దిగా మాత్రమే వదులు చేసి, బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగాకే మిగతా మర తిప్పాలి.

వాసన రాలేదు కనుక భయం లేదనుకోవడం పెద్ద పొరపాటు. గాలిలో పది లక్షల పాళ్లకు దాదాపు 200 పాళ్లు చేరితే గానీ చాలామందికి దీని వాసన తెలియదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు 25 పాళ్లే. 2024లో అక్కడి పర్యావరణ సంస్థ చాలా వాడకాలను నిషేధించి, మిగిలిన వాటిలో చాలావాటికి హద్దును 2 పాళ్లకు కుదించింది.

మామూలు నైట్రైల్ గ్లౌజుల్లోంచి ఈ ద్రవం నిమిషాల్లోనే చర్మానికి చేరుతుంది కాబట్టి, దీనికి తగిన లామినేట్ గ్లౌజులనే అడిగి తీసుకోవాలి. కార్ట్రిజ్ మాస్కు కూడా దీన్ని ఎక్కువసేపు ఆపలేదు. ఆవిరి గాలికన్నా దాదాపు మూడు రెట్లు బరువైనది కనుక గుంతల్లో, రియాక్టర్ అడుగున నిలిచిపోతుంది. లోపల పడిపోయిన తోటి కార్మికుణ్ణి చూసి ఆగలేక దూకడం మనసున్నవాడు చేసే పనే అయినా, బయటి నుంచి గాలి అందించే పరికరం లేకుండా దిగితే ఇద్దరి ప్రాణాలూ పోవచ్చు. ఇది తేలిగ్గా అంటుకోదన్న ధైర్యంతో దగ్గర్లో వెల్డింగ్ చేయరాదు, ఎందుకంటే తీవ్రమైన వేడికి దీని ఆవిరి నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది షిఫ్టు ముగిశాక వచ్చే తలనొప్పి. ఒంట్లోకి చేరిన ఎండీసీలో కొంత భాగాన్ని శరీరం కార్బన్ మోనాక్సైడుగా మారుస్తుంది, ఇంటికి వెళ్లాక కూడా కొన్ని గంటలపాటు అది తయారవుతూనే ఉంటుంది. తలనొప్పీ వికారమూ ఎండదెబ్బలాగే ఉండడంతో మజ్జిగ తాగి పడుకునేవారే ఎక్కువ. గుండెజబ్బు ఉన్నవారికి ఇది మరీ ప్రమాదం. వేలికి పెట్టే ఆక్సీమీటరు రక్తంలోని కార్బన్ మోనాక్సైడును గుర్తించలేక మామూలు అంకెనే చూపవచ్చు. అందువల్ల రసాయనం పేరు రాసిన చీటీని జేబులో ఉంచుకుని, ఆసుపత్రిలో డాక్టరుకు చూపించి, రక్తంలో కార్బన్ మోనాక్సైడు ఎంత చేరిందో చెప్పే కార్బాక్సీహీమోగ్లోబిన్ పరీక్ష చేయమని అడగాలి.