దక్కనీ ఉన్ని పరిశోధనకు కేంద్ర నిధులు: దరఖాస్తు ఎలా రాయాలి

మొదట తేల్చుకోవాల్సింది మీ పరిశోధన దక్కనీ జాతి గొర్రె మీదా, ఉన్ని మీదా, ఉన్నితో చేసే సరుకు మీదా అన్నది. అడగాల్సిన గుమ్మం దాన్నిబట్టి మారుతుంది. జాతి, మేత, బొచ్చు నాణ్యత అయితే పశుసంవర్ధక శాఖ నడిపే నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లోని ఇన్నోవేషన్ విభాగం. ఉన్ని శుద్ధి, వడకడం, నేత అయితే జౌళి శాఖ కింద జోధ్‌పూర్‌లో ఉన్న కేంద్ర ఉన్ని అభివృద్ధి బోర్డు. గోడలకు వేడిని, చప్పుడును ఆపే పలకలు, నేలకోతను అడ్డుకునే చాపల్లాంటివి అయితే నేషనల్ టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్. గొర్రెల పెంపకం దగ్గర మొదలై పలకల దాకా అన్నీ ఒకే దరఖాస్తులో కుక్కితే ఏ కమిటీ అయినా ‘ఇది మా పరిధి కాదు’ అనే రాస్తుంది.

బోర్డు నడిపే సమీకృత ఉన్ని అభివృద్ధి కార్యక్రమానికి 2021-22 నుంచి 2025-26 వరకు 126 కోట్ల రూపాయలు కేటాయించారు. పరిశోధన అందులో ఒక చిన్న పద్దు మాత్రమే. టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్‌కు మొత్తం 1,480 కోట్లు, అందులో 1,000 కోట్లు పరిశోధనకే. రెండింటి గడువూ 2025-26 ఆర్థిక సంవత్సరం దాకానే కాబట్టి పాత ఫారం నింపకండి. అమల్లో ఉన్న మార్గదర్శకాలు దించుకుని, అర్హత పేరా చదివాకే కలం పట్టండి. స్టార్టప్‌లకు టెక్నికల్ టెక్స్‌టైల్స్ మిషన్‌లోనే ‘గ్రేట్’ పథకం తెచ్చారు: 18 నెలలకు గరిష్ఠంగా 50 లక్షలు, ఇంక్యుబేటర్ (కొత్త సంస్థలకు చేయూతనిచ్చే కేంద్రం) ద్వారా. సొంతంగా కనీసం పదో వంతు, రెండు సమాన వాయిదాల్లో పెట్టాలి. అంటే 50 లక్షలకు 5 లక్షలు, రెండున్నర చొప్పున. ఆ డబ్బు చేతిలో లేకుండా దిగొద్దు.

సమీక్షకులు ముందు చూసేది ప్రాథమిక కొలతలు. దక్కనీ ఉన్ని ముతక, ఎక్కువగా నలుపు, లోపల బోలు పోగులు ఎక్కువ. అందుకే గాలి ప్రవాహంతో పోగు మందం కొలిచే పరికరం దీనికి నప్పదు. అది పోగు గట్టిదనుకుని లెక్క కడుతుంది, బోలు పోగు దగ్గర తప్పుతుంది. పోగును తెర మీద పెద్దదిగా చూపే ప్రొజెక్షన్ మైక్రోస్కోప్‌తో కొలిపించి, సగటు మందంతో పాటు బోలు పోగుల శాతమూ రాయండి. నమూనా ప్రతి గొర్రె భుజం, పక్కటెముకలు, తొడ దగ్గర విడివిడిగా తీయాలి. తొడ బొచ్చు మరీ ముతక, మూడూ కలిపేస్తే సగటు దేనికీ పనికిరాదు. కాగితం కవరులో పెట్టి గొర్రె వయసు, లింగం, ఊరు, కత్తిరించిన తేదీ రాయండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి ముక్కిపోతుంది. కొలిచే ముందు 27 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న గదిలో ఆరనివ్వాలి. ఉన్ని గాలిలోని తేమను బాగా పీల్చుకుంటుంది కనుక వానాకాలపు తూకం, ఎండాకాలపు తూకం ఒకటి కావు.

బడ్జెట్‌లో ఎక్కువ మంది బోల్తా పడేది ఉన్ని కొనుగోలు దగ్గరే. కడిగిన ఉన్ని 200 కిలోలు కావాలంటే 200 కిలోలకే డబ్బు అడుగుతారు. పచ్చి ఉన్నిలో మట్టి, గడ్డిగింజలు పోగా 70 శాతమే మిగిలిందనుకుంటే కొనాల్సింది దాదాపు 286 కిలోలు. ముందే పది కిలోలు కడిగి మీ ఊరి ఉన్నికి ఎంత మిగులుతుందో తూచి ఆ అంకె వేయండి. కడగడం గోరువెచ్చని నీళ్లలో, తక్కువ సబ్బుతో, పిసక్కుండా. పిసికితే ముద్ద కట్టి వడకడానికి రాదు. దక్కనీ గొర్రెకు సాధారణంగా ఏడాదికి రెండుసార్లే కత్తిరింపు. మంజూరు మార్చిలో వచ్చి కత్తిరింపు దాటిపోతే ఆరు నెలలు ఖాళీ. కాబట్టి కాలపట్టికలో మొదటి విడత పని ఉన్నితో సంబంధం లేని పరికరాల కొనుగోలు, సిబ్బంది నియామకం అయి ఉండాలి. తెలంగాణలో చాలా మందల్లో నెల్లూరు జాతి రక్తం కలిసింది. అది వెంట్రుక గొర్రె, ఉన్ని ఉండదు. కాబట్టి మందను కళ్లారా చూడకుండా ఫలానా ఊరు అని రాయొద్దు.

జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే ప్రాజెక్టులో పనిచేసే పరిశోధక విద్యార్థి) 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్లకు ఇంటద్దె కాకుండానే 8.88 లక్షలు. పనివాళ్లకు చేతి తొడుగులు, మాస్కులూ పద్దులో చూపండి. పచ్చి ఉన్ని దుమ్ముతో ఆంత్రాక్స్ సోకే ప్రమాదం ఉంది. గొంగడి నేసే కురుమ నేతగాళ్లతో పని ఉంటే వాళ్ల కూలీ ‘ఇతరములు’లో కాదు, సొంత పద్దుగా ఉండాలి. చింతగింజల గంజి పట్టించే పని వాళ్లకు తెలిసినంత బాగా ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు.

డబ్బు వచ్చాక వేరే బ్యాంకు ఖాతా, పీఎఫ్ఎంఎస్ (ప్రభుత్వ నిధుల ఖర్చును గమనించే ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు తప్పవు. స్వచ్ఛంద సంస్థ అయితే ఎన్జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల నమోదు పోర్టల్) నంబరూ కావాలి. డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నిబంధనలు) 12-ఎ ఫారంలో ఇవ్వాలి. ఖాతాలో పడ్డ వడ్డీ మీది కాదు, కేంద్ర ఖజానాకు తిరిగి కట్టాలి. ఇది మరిచిపోతే తర్వాతి విడత అక్కడే ఆగుతుంది. గ్రాంటుతో కొన్న యంత్రాన్ని అనుమతి లేకుండా అమ్మకూడదు. ఆస్తుల రిజిస్టరులో కొన్న రోజే రాసి, ఇన్‌వాయిస్ నకలు అంటించి పెట్టుకోండి.