పొట్టికోడి కింద ఏడు గుడ్లు

మా ఇల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, పలాసకు తూర్పున. రాత్రి గాలి అటు నుంచి వీస్తే సముద్రపు హోరు వినిపిస్తుంది. పెరట్లో ఒక పనసచెట్టు, నాలుగు కొబ్బరిచెట్లు, వాటి కింద పదమూడు బాంటమ్ కోళ్లు. జానెడు ఎత్తు, పొట్ట నేలకు రాసుకునేంత పొట్టి కాళ్లు, తల దాకా ఎత్తి నిలిపిన తోక. బాంటమ్ అనేది జావా దీవిలో ఒక పాత రేవు పేరు. మా ఊళ్లో మాత్రం వీటిని పొట్టికోళ్లు అంటారు. పెట్ట ముప్పాతిక కిలో కూడా తూగదు. గుడ్డు బరువు ముప్పై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది.

వీటిని కొన్న మొదటి ఏడాది, థర్మోకోల్ పెట్టెలో బల్బు అమర్చిన పొదిగే యంత్రం కూడా కొన్నాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగా తీరం దాటినప్పుడు అందులో తొమ్మిది గుడ్లు ఉన్నాయి. అప్పటికి పద్నాలుగో రోజు. కరెంటు పోయింది. పెట్టె మీద దుప్పట్లు కప్పాను, చుట్టూ వేడినీళ్ల సీసాలు పెట్టాను. కట్టెలు తడిసిపోయాక వేడినీళ్లు కూడా లేకుండా పోయాయి. మూడో రోజుకు తొమ్మిదీ చల్లబడి చచ్చిపోయాయి.

అదే సమయంలో మా అత్తగారి నాటుపెట్ట ఏడు పొట్టికోడి గుడ్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ దాన్ని గంపతో సహా వంటింట్లోకి తెచ్చి ధాన్యం బస్తాల పక్కన పెట్టారు. పైన పెంకులు ఎగిరిపోతున్నా అది కదల్లేదు. ఆ ఏడింటిలో ఐదు గుడ్లు పిల్లలయ్యాయి. అప్పటి నుంచి నేను గుడ్లను పెట్ట కిందే పెడుతున్నాను. పొదగడం దాని పని. దానికి ముందు చేయాల్సినవి, తర్వాత చేయాల్సినవి మన పనులు. ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా వాటి గురించే.

జత కట్టించే ముందు

పొట్టికోళ్లు పెంచేవాళ్లందరూ అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదే. నాకు రెండేళ్లు ఆలస్యంగా తెలిసింది.

మొదట్లో నా దగ్గర ఉన్న పుంజూ పెట్టలూ అన్నీ పొట్టికాళ్లవే. ఎనిమిది గుడ్లు పెడితే రెండు, ఒక్కోసారి మూడు లోపలే చచ్చిపోయేవి. ఉరుములకు మురిగిపోయాయని ఒకరు అన్నారు, పెట్ట చెడ్డదని ఇంకొకరు అన్నారు. నేను గూడు మార్చాను, పెట్టను మార్చాను, గుడ్లు పెట్టే వారం కూడా మార్చాను. చివరికి టీకాల కోసం వెళ్లినప్పుడు పశువైద్యులొకరు కాగితం మీద గీసి చూపించారు. ఈ కోళ్లకు కాళ్లు పొట్టిగా ఉండడానికి ఒక జన్యువు కారణం. అది తల్లి నుంచో తండ్రి నుంచో ఒకవైపు నుంచే వస్తే పిల్ల పొట్టికాళ్లతో పుడుతుంది, హాయిగా బతుకుతుంది. రెండు వైపుల నుంచీ వస్తే గుడ్డులోనే చచ్చిపోతుంది. పొట్టి పుంజును పొట్టి పెట్టతో కలిపితే సగటున నాలుగు గుడ్లలో ఒకటి ఇలా పోతుంది. రెండు పొట్టికాళ్లవి అవుతాయి, ఒకటి పొడుగుకాళ్లది అవుతుంది.

అందుకని పొట్టి పుంజుకు అదే జాతిలో కాళ్లు పొడుగ్గా పుట్టిన పెట్టను జతచేయండి. అప్పుడు సగం పొట్టివి, సగం పొడుగువి వస్తాయి. ఈ కారణంతో ఒక్క గుడ్డూ పోదు. పొడుగుకాళ్లతో పుట్టిన పిల్లను పనికిరానిదని సంతలో చవగ్గా అమ్మేస్తుంటారు. నేను వాటినే ఏరి కొంటాను. మా పెరట్లో పిల్లల లెక్క పెరిగింది వాటివల్లే.

ఒక పుంజుకు ఐదారు పెట్టలు చాలు. రెండు పుంజులు ఒకే పెరట్లో ఉంటే పోట్లాటలోనే రోజు గడిచిపోతుంది, గుడ్లలో జీవం తగ్గుతుంది.

గుడ్లు దాచడం

పెట్ట రోజూ పెట్టిన గుడ్డును సాయంత్రం లోపు తీసి, పెన్సిల్‌తో తేదీ వేసి, సన్నటి కొన కిందికి ఉండేలా నిలబెడతాను. కడగను. గుడ్డు మీద సహజంగా ఉండే సన్నని పూత కడిగితే పోతుంది, అది పోతే లోపలికి మురికి దిగుతుంది. పేడ అంటిన గుడ్డు కూరకే. మా వంటింటి మూలన ఒక మట్టికుండను సగం దాకా తడి ఇసుకలో పాతిపెట్టాను. దాచే గుడ్లన్నీ అందులోనే. వేసవిలో ఆ కుండ లేకపోతే గుడ్లు రెండు మూడు రోజులకే పాడవుతాయి. ఏడు రోజులు దాటిన గుడ్డును పొదగడానికి వాడను.

నా మట్టుకు నేను ఏప్రిల్, మే నెలల్లో అసలు గుడ్లు పెట్టను. అక్టోబరు తుపానుల నెల. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికన్నా మంచి కాలం.

పెట్ట పొదుగుకు వచ్చిందని ఎలా తెలుస్తుంది

గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. రాత్రి కూడా గూట్లోనే పడుకుంటుంది. చేయి పెడితే ఈకలన్నీ విప్పుకుని గుర్రుమంటుంది, పొడుస్తుంది. పొట్ట కింద ఈకలు రాలి చర్మం వేడిగా తగులుతుంది. ఇవన్నీ కనబడినా వెంటనే మంచి గుడ్లు పెట్టవద్దు. రెండు రోజులు ఉత్త గుడ్లు రెండు కింద ఉంచి చూడండి. రెండు రాత్రులూ కదలకుండా కూర్చుంటే అది నిజమైన పొదుగు.

పొట్టిపెట్ట కింద తన గుడ్లే అయితే ఏడు పెట్టవచ్చు. నాటుపెట్ట కింద పన్నెండు పడతాయి. నాటుకోడి గుడ్లూ పొట్టికోడి గుడ్లూ కలపవద్దు. పొట్టివి చాలాసార్లు ఒక రోజు ముందే, ఇరవయ్యో రోజుకే పిల్లలవుతాయి. పిల్లల అరుపు వినగానే తల్లి లేచిపోతుంది, మిగిలినవి చల్లబడతాయి.

గంప నేల మీదే ఉండాలి. పొట్టికాళ్ల పెట్ట ఎత్తు నుంచి దూకితే ఒకటో రెండో గుడ్లు పగులుతాయి. వెదురు గంప అడుగున నాలుగు వేళ్ల మందాన పొడి ఇసుక పోసి, మధ్యలో కొద్దిగా గుంట చేసి, దాని మీద వరిగడ్డి పరుస్తాను. గడ్డి కింద చారెడు జల్లించిన బూడిద, ఎండిన వేపాకు. పేలు పట్టిన పెట్ట పదో రోజుకే గుడ్లు వదిలేసి లేచిపోతుంది కాబట్టి ఈ రెండూ తప్పనిసరి. ఒక ఇనుప మేకు, బొగ్గుముక్క కూడా వేయమని మా అత్తగారు చెప్పేవారు, ఉరుములకు గుడ్లు చెడకుండా. వేస్తూనే ఉన్నాను. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆ మేకు ఆవిడ చేతిదే.

గుడ్లు పెట్టేది రాత్రిపూట, దీపం లేకుండా. గంప వేరే చోటికి మార్చాలన్నా అప్పుడే మార్చాలి.

ఇరవై ఒక్క రోజులు

పెట్ట రోజుకొకసారి లేచి, తిని, తాగి, రెట్ట వేసి, పావుగంటలో తిరిగి వస్తుంది. ఆ కొద్దిసేపటికి గింజలు మాత్రమే పెట్టండి, ధాన్యం గానీ మొక్కజొన్న గానీ. తడి తౌడు పెడితే రెట్ట పలచనై గూడు పాడవుతుంది. గుడ్లను అదే తిప్పుకుంటుంది, మనం తిప్పనక్కరలేదు. రోజంతా లేవని పెట్టలు ఉంటాయి. వాటిని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టాలి. ఎత్తే ముందు రెక్కల కింద గుడ్డు ఇరుక్కుందేమో తడిమి చూడండి.

ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో చూస్తాను. గుడ్డు లావు కొనకు టార్చి ఆనించి పిడికిలితో చుట్టూ మూసేస్తే లోపల ఎర్రగా వెలుగుతుంది. సాలీడులా నల్లటి చుక్క, దాని నుంచి నాలుగు వైపులా రక్తనాళాలు కనబడితే జీవం ఉన్నట్టు. ఖాళీగా పచ్చగా వెలిగితే పుంజు కలవని గుడ్డు. నాళాలు లేకుండా ఒక ఎర్రటి వలయం మాత్రమే ఉంటే పిల్ల మొదలై చచ్చిపోయినట్టు. నా పొట్టి జతల గుడ్లలో పదే పదే కనబడింది ఆ వలయమే. జీవం లేనివాటిని తీసేయండి, లేకపోతే మురిగి పగిలి మిగిలినవాటిని కూడా చెడగొడతాయి.

పద్దెనిమిదో రోజు తర్వాత గంప ముట్టుకోవద్దు. గోరువెచ్చని నీళ్లలో గుడ్డు వేసి కదులుతుందో లేదో చూసే అలవాటు మా పక్క ఊళ్లలో ఉంది. బతికున్న గుడ్డు కదిలే మాట నిజమే. కానీ అప్పటికే ముక్కుతో పెంకు పొడిచిన పిల్ల ఉంటే నీళ్లు లోపలికి వెళ్లి ఊపిరాడక పోతుంది. నేను చేయను.

పెంకు మీద మొదటి గాటు పడిన దగ్గర నుంచి పిల్ల బయటికి రావడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టవచ్చు. ఈ కాసేపు చేతులు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టం. ఒకసారి ఆగలేక గోటితో పెంకు ఒలిచాను. లోపలి పొరలో ఇంకా రక్తం పారుతోంది. నా అరచేతిలోనే ఆ పిల్ల రక్తం కారి చచ్చిపోయింది. పొరలోని రక్తమంతా ఇంకి, పచ్చసొన పొట్టలోకి చేరేదాకా పిల్ల ఆగుతుంది. అది అలసిపోయి ఆగడం కాదు.

పిల్లలు వచ్చాక

మొదటి రోజు మేత అక్కరలేదు. పొట్టలోకి చేరిన సొన వాటికి రెండు రోజులు సరిపోతుంది. తల్లి కింద ఆరనివ్వండి. మర్నాడు ముందుగా నీళ్లు పెట్టాలి. మా దగ్గర కొబ్బరి చిప్పలకు కొదవ లేదు. లోతు తక్కువ చిప్పను ఇసుకలో గుచ్చి, నిండా గులకరాళ్లు వేసి, రాళ్ల మధ్య నీళ్లు పోస్తాను. పొట్టికోడి పిల్ల బొటనవేలంత ఉంటుంది, అంగుళం నీళ్లలో కూడా మునిగిపోతుంది.

మేతగా బ్రాయిలర్ పిల్లలకు పెట్టే స్టార్టర్ దాణా కొనండి, కానీ రోట్లో మళ్లీ నలగ్గొట్టండి. ఈ ముక్కులకు ఆ పలుకులు పట్టవు. గుడ్లు పెట్టే కోళ్ల దాణా పిల్లలకు వద్దు, అందులోని సున్నం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. వారం దాటాక చోళ్లు, నూకలు కలుపుతాను. నూకలొక్కటే పెడితే పిల్ల బతుకుతుంది గానీ ఈకలు ఆలస్యంగా వస్తాయి, కాళ్లు తేలిపోతాయి. మాంసకృత్తుల కోసం చెదలు పట్టండి. పాత కుండలో తడిపిన గోనె ముక్క, కాస్త పేడ కుక్కి సాయంత్రం చెదపుట్ట మీద బోర్లిస్తే తెల్లారేసరికి నిండిపోతుంది. పిల్లలు దాని మీద పడే తీరు చూడాలి. తల్లి ఒక్కొక్క చెదను ముక్కుతో పట్టి, కింద వదిలి, వాటిని పిలుస్తుంది. తాను తినదు.

తల్లి లేని పిల్లలు ఎప్పుడైనా చేతికొస్తే అట్టపెట్టెలో ఊక పరిచి, ఒక మూలన బల్బు వేలాడదీయండి. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలు బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. ఒకటి రెండు రోజుల పిల్లలైతే పిల్లలున్న మరో పెట్ట కింద రాత్రిపూట దూర్చి చూడండి, చాలావరకు ఒప్పుకుంటుంది.

మా ఊళ్ల తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. కోడిపిల్లకు మాత్రం ఎలుగు కన్నా ఎలుక భయం ఎక్కువ. రాత్రి గంప బోర్లించి పైన రాయి పెడితే చాలదు, గంప కింద నేల గట్టిగా ఉండాలి. మెత్తటి ఇసుకలో ఎలుక కన్నం చేసుకుని లోపలికి వస్తుంది. నేను కింద గచ్చు పలక వేశాను. పగలు గద్దకు, కాకికి అడ్డంగా రేవులో కొన్న పాత వలను కొబ్బరిచెట్ల మధ్య కట్టాను. వల కిందికి ముంగిస రాకుండా అంచులను ఇటుకలతో అదిమాను.

ఐదో రోజు నుంచి ఏడో రోజు లోపు కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా చుక్క ఒకటి కంట్లో వేయించాలి. నాలుగో వారంలో మళ్లీ ఒకసారి, రెండు నెలలు నిండాక రెక్క కింద సూది. మందు సీసా చిన్నదైనా వంద కోళ్లకు వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల లోపే వాడేయాలి. అందుకని మా వీధిలో ఆరిళ్ల వాళ్లం ఒకే వారంలో గుడ్లు పెడతాం. ఒక రోజు అనుకుని మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కులో సీసా తెచ్చుకుంటాం. ఇది మానేసిన ఏడాది ఊరు ఊరంతా కోళ్లు లేకుండా పోవడం నేను చూశాను.

మూడో వారం నుంచి రక్తపు రెట్టలు కనిపిస్తున్నాయేమో చూస్తూ ఉండండి. పిల్ల రెక్కలు వేలాడేసి ఒక మూలన ముడుచుకుంటుంది. కింద ఊక తడిగా ఉంటేనే ఎక్కువగా వస్తుంది. ముందు ఊక మార్చండి, ఆ రోజే పశువైద్యశాలకు వెళ్లి నీళ్లలో కలిపే మందు తెచ్చుకోండి. రేపటికి ఆగితే రెండో పిల్లకు అంటుకుంటుంది.

ఆరు వారాలకు ఈకలు నిండుతాయి. తల్లి ఒకనాడు పిల్లలను పొడిచి తరుముతుంది. అది మళ్లీ గుడ్లకు సిద్ధమవుతోందన్నమాట. ఆ రోజే పిల్లల కాలికి రంగుదారం కడతాను, ఏ జతవో తర్వాత తెలియడానికి. పుట్టిన పెట్టలను తండ్రి పుంజుతోనే కలిపితే రెండు మూడు తరాలకు గుడ్లలో జీవం తగ్గుతుంది. అందుకే రెండేళ్లకొకసారి మందసలో ఉన్న మా వదినతో పుంజును మార్చుకుంటాను. కాళ్లు పెరిగే కొద్దీ దారం బిగుసుకుంటుంది, పదిహేను రోజులకొకసారి విప్పి వదులుగా కట్టండి.