బ్రోకర్ లేకుండా విశాఖలో సొంత ఇల్లు అమ్మాలంటే ఏ కాగితం ముందు, ఏది తర్వాత

మురళీనగర్‌లో మా ఫ్లాట్ అమ్ముదామనుకుంటున్నాం అని వాచ్‌మన్‌తో అన్నానో లేదో, సాయంత్రానికల్లా ముగ్గురు బ్రోకర్లు ఫోన్ చేశారు. పార్టీ రెడీగా ఉంది సార్, ఒక్క శాతం ఇస్తే చాలు అన్నారు. 60 లక్షల ఫ్లాట్ మీద ఒక శాతమంటే 60 వేలు, అటు కొనేవాళ్ళ దగ్గర ఇంకో 60 వేలు. పార్టీని తేవడం నిజానికి పెద్ద పని కాదు. గేటుకి బోర్డు కట్టి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టి, స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో పనిచేసే చుట్టాలకి చెబితే నెలలోపే పది మంది వచ్చి చూసిపోతారు. అసలు పనంతా కాగితాల్లో ఉంటుంది, దాన్ని బ్రోకర్ ఉన్నా మనమే చేసుకోవాలి. అందుకే ఇల్లు ఎవరికైనా చూపించకముందే కాగితాలు సర్దుకోమని చెబుతాను.

మొదట తీయాల్సింది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ (రిజిస్ట్రేషన్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్)లో ఫోన్ నంబరుతో లాగిన్ అయ్యి, మీ దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు ఇస్తే ఆ ఇంటి మీద ఇప్పటివరకూ ఏమేం రిజిస్టర్ అయ్యాయో వరసగా వస్తుంది. ఫీజు కట్టి సంతకంతో ఉన్న కాపీ కూడా తీసుకోండి, కొనేవాళ్ళ బ్యాంకు అదే అడుగుతుంది. మీకు ఇల్లు అమ్మినవాళ్ళ దస్తావేజు, వాళ్ళకి అమ్మినవాళ్ళది, అంటే లింకు డాక్యుమెంట్లన్నీ ఈసీలో ఉన్న వరసతో సరిపోతున్నాయా అని కూర్చుని సరిచూసుకోండి. ఫ్లాట్ నంబరు, హద్దులు, గజాలు, మీ వాటాకి వచ్చిన స్థలం, అన్నీ. ఇంటి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆధార్ దగ్గర ఆగిపోతుంది.

మాకు ఇక్కడే దెబ్బ తగిలింది. ఇంటి లోను ఎప్పుడో 2016లోనే తీరిపోయింది, ఒరిజినల్ దస్తావేజు తెచ్చి బీరువాలో పెట్టుకున్నాం, ఇంక అంతా అయిపోయినట్టే అనుకున్నాం. తీరా ఈసీ తీస్తే తాకట్టు అలాగే ఉంది. లోను ఇచ్చినప్పుడు బ్యాంకు దస్తావేజులు తన దగ్గర పెట్టుకున్నట్టు ఒక పత్రం రిజిస్టర్ చేయిస్తుంది కదా, అప్పు తీరాక దానికి రిలీజ్ డీడ్ కూడా రిజిస్టర్ చేయించాలి. ఆ సంగతి అప్పట్లో బ్యాంకులో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ బ్రాంచి చుట్టూ తిరిగి, పాత ఫైలు వెతికించి, వాళ్ళ ఆఫీసర్ని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి రప్పించేసరికి మూడు వారాలు పట్టింది. ఈలోపు మొదటి పార్టీ వేరే ఇల్లు చూసుకున్నారు. లోను ఇంకా నడుస్తుంటే అదేం అడ్డు కాదు. ఎంత బాకీ ఉందో బ్యాంకు దగ్గర లెటర్ తీసుకోండి, కొనేవాళ్ళు నేరుగా ఆ లోను ఖాతాకే కట్టేలా మాట్లాడుకోవచ్చు. అప్పు మొత్తం తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకే ఇవ్వాలి. ఈ మాట కౌంటర్ దగ్గర కాస్త గట్టిగా గుర్తుచేస్తే ఫైలు కదులుతుంది.

రెండోది నిషేధిత భూముల జాబితా, అందరూ 22ఏ అనేది. అదే వెబ్‌సైట్‌లో సర్వే నంబరు కొట్టి చూడొచ్చు. ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి, వక్ఫ్ భూమి అని ఆ జాబితాలో పడితే రిజిస్ట్రేషన్ జరగదు. మన ఊళ్ళో దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. సింహాచలం దేవస్థానం భూముల పంచాయితీ ఉన్న పంచగ్రామాలు, అంటే అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఆ వైపు ఇల్లయితే అన్నిటికంటే ముందు ఇదే చూడండి, ఆ తర్వాతే రేటు గురించి మాట్లాడండి.

మిగతావి చిన్నవే కానీ అడుగుతారు. జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ఇంటి పన్ను రశీదు, కుళాయి బిల్లు, కరెంటు బిల్లు, ప్లాను అప్రూవల్ కాపీ, అపార్ట్‌మెంట్ అయితే బాకీ ఏమీ లేదని అసోసియేషన్ లెటర్. నాన్నగారి నుంచి వచ్చిన ఇల్లయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ సంతకం పెట్టాల్సి రావచ్చు, దాని గురించి ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, అడ్వాన్స్ తీసుకున్నాక కాదు. ఎవరికి చూపించినా జిరాక్సులే ఇవ్వండి, ఆధార్ నంబరు కనబడకుండా కొట్టేసి, ఫలానా పని కోసం మాత్రమే అని అడ్డంగా రాసి ఇవ్వండి.

పార్టీ కుదిరాక అగ్రిమెంట్ రాసుకుంటారు. రేటు, అడ్వాన్స్ ఎంత, మిగతాది ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, వాళ్ళు వెనక్కి పోతే ఏంటి, మనం వెనక్కి పోతే ఏంటి, ఏసీలూ కబోర్డులూ రేటులో కలిపా కాదా, అన్నీ అందులో ఉండాలి. అడ్వాన్స్ చెక్కుగానో బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గానో తీసుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు 20,000 రూపాయలు, ఆపైన క్యాష్‌గా తీసుకుంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు అంత మొత్తమూ పెనాల్టీ వేయొచ్చు, అది పడేది తీసుకున్నవాళ్ళ మీద, అంటే మన మీద. వైట్ ఎంత బ్లాక్ ఎంత అని అడిగిన ఇద్దరికి అందుకే కాఫీ ఇచ్చి పంపించేశాను.

రిజిస్ట్రేషన్ ఖర్చు మామూలుగా కొనేవాళ్ళదే. స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, 60 లక్షలకి నాలుగున్నర లక్షలు. ఇది మీ రేటు, ప్రభుత్వ విలువ, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద లెక్క. ప్రభుత్వ విలువలు 2025 ఫిబ్రవరి 1 నుంచి మారాయి, పాత కాగితం చూసి చెప్పకుండా వెబ్‌సైట్‌లో మళ్ళీ చూసుకోండి.

దరఖాస్తు కూడా అదే వెబ్‌సైట్‌లో. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, ఇంటి వివరాలు, రేటు, పాన్, ఆధార్ అన్నీ ఎంటర్ చేస్తే ఒక అప్లికేషన్ నంబరు వస్తుంది, చలానా కట్టి స్లాట్ తీసుకోవాలి. సొంతంగా చేసుకోవచ్చు కానీ దస్తావేజు రాయడం మటుకు నేను ఒక లేఖరికి అప్పజెప్పాను. కొన్ని వేలతో అయిపోయింది, హద్దులు తప్పు పడితే సవరణ దస్తావేజు కోసం పడే తిప్పలతో పోలిస్తే అది నయం. మూఢంలో, ఆషాఢంలో స్లాట్లు ఖాళీగా దొరుకుతాయి, శ్రావణం వచ్చిందంటే మంచి రోజుకి తోపులాటే. పట్టింపు లేకపోతే ఆషాఢంలోనే కానిచ్చుకోండి.

ఆ రోజు ఇద్దరు సాక్షులు ఆధార్‌తో రావాలి. ఫోటో తీస్తారు, వేలిముద్రలు వేయించుకుంటారు, డబ్బు ముట్టిందా అని సబ్ రిజిస్ట్రార్ అడుగుతారు. ముట్టింది అని చెప్పేముందు నిజంగా ముట్టి ఉండాలి. కొనేవాళ్ళకి లోను ఉంటే బ్యాంకు మనిషి డీడీ పట్టుకుని ఆఫీసుకే వస్తారు. డీడీ మీద పేరు, అంకె చూసుకుని అప్పుడు సంతకం పెట్టండి, ఒరిజినల్స్ చేతిలోంచి ఇవ్వడం ఆఖరున. ఎవరైనా ఆ రోజు రాలేకపోతే కంగారు వద్దు, సంతకాలైన దస్తావేజుని రిజిస్ట్రేషన్‌కి పెట్టడానికి నాలుగు నెలలు గడువు ఉంటుంది. పిల్లలు అమెరికాలో ఉండి ఇల్లు వాళ్ళ పేరునే ఉంటే అక్కడి కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, అది ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టించాలి.

రేటు 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనేవాళ్ళు మీకిచ్చే దాంట్లో ఒక శాతం పట్టుకుని మీ పాన్ మీద ప్రభుత్వానికి కడతారు. కట్టారో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో చూసుకోండి, సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అమ్మేవాళ్ళు ఎన్నారైలైతే పట్టుకునేది చాలా ఎక్కువ ఉంటుంది, వాళ్ళు ముందే ఆడిటర్‌ని కలవడం మేలు. రెండేళ్ళు దాటి ఉన్న ఇల్లయితే లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23 కంటే ముందు కొన్నదయితే, ఇక్కడ ఉండేవాళ్ళు ధరల పెరుగుదల లెక్క కలుపుకుని 20 శాతం పద్ధతిలో కూడా లెక్కేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఆ లాభంతో రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా మినహాయింపు ఉంది.

తాళాలు ఇచ్చాక జీవీఎంసీలో పేరు మార్పు, ఈపీడీసీఎల్‌లో మీటరు పేరు మార్పు కొన్నవాళ్ళే చేసుకుంటారు. కానీ ఒకసారి గుర్తుచేయండి, లేకపోతే పన్ను నోటీసులు మీ పేరు మీదే వస్తుంటాయి. తాళాలు ఇచ్చిన రోజు మీటరు రీడింగ్ ఫోటో తీసి వాళ్ళ వాట్సాప్‌లో పెట్టండి. అసోసియేషన్ గ్రూపులోంచి మీ నంబరు తీయించుకోండి, నాకు ఇప్పటికీ లిఫ్టు రిపేరు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి.