మట్టిలో తడి ఉన్నా బెండ మొక్క వాడిపోతోందా? ఒకటి పీకి చూడండి

సమస్య: పొద్దున నిగనిగలాడే మొక్క మధ్యాహ్నానికి ఆకులు వేలాడేస్తుంది, సాయంత్రానికి మళ్లీ తేరుకుంటుంది. మూరెడు ఎత్తు దగ్గరే ఆగిపోయి, ఆకులు పాలిపోయి, నాలుగైదు కాయలతో సరిపెడుతుంది. మట్టిలో వేలు పెడితే మాత్రం తడే.

ఇక మొదలు. ఇంకో చెంబు నీళ్లు, గుప్పెడు ఎరువు, ఆపైన వేపనూనె పిచికారీ. ఆకు మీద ఏమీ లేనప్పుడు ఆకుకి మందు కొడితే ఏం లాభమండీ? బాగా నీరసించిన మొక్క ఒకటి తవ్వి తీసి, బకెట్ నీళ్లలో వేర్లు కడిగి చూడండి. అదొక్కటి తప్ప అన్నీ చేస్తారు!

కారణం: వేర్ల పొడవునా బుడిపెలుంటే నులిపురుగులు పట్టాయి. అవి కంటికి ఆనవు. వేరులో దూరి కాపురం పెడితే అక్కడ వేరు ఉబ్బి, నీళ్లు సరిగ్గా పైకి ఎక్కవు. వేరుశనగ వేర్లకు ఉండే, నత్రజని పట్టిచ్చే మంచి బుడిపెలే అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. ఆ బుడిపెలు గోటితో గీకితే ఊడొస్తాయి, ఇవి రావు. పైగా అవి పప్పుజాతి మొక్కలకు వచ్చేవి, బెండ ఆ జాతే కాదు.

ఎక్కడి నుంచి వచ్చాయంటారా? కిందటిసారి ఆ కుండీలో ఏముందో గుర్తు చేసుకోండి. వంగో టమాటానో అయ్యుంటుంది. ఆ రెండిటి మీదా బతికే పురుగే బెండకీ పడుతుంది. నారుతో వచ్చిన మట్టిలోనూ, కడగని తవ్వుకోలతోనూ చేరుతుంది.

పరిష్కారం: పట్టిన మొక్క బాగుపడదు. కాసినన్ని కోసుకుని, వేళ్లతో సహా తీసి తగలబెట్టండి, కంపోస్టులో వేయొద్దు. ఏప్రిల్, మే ఎండల్లో ఆ మట్టిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలాడకుండా మూసి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. నల్ల షీటు కింద అంత వేడి పుట్టదు. విత్తే ముందు వేపపిండి కలిపితే ఉధృతి తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఈ పురుగుల్ని తగ్గించడానికి బంతి వేస్తే మడి నిండా వేయాలి. మూలకొక మొక్క పెడితే పూజకు పూలొస్తాయి, అంతే.

బుడిపెలు లేకుండా వేర్లు నల్లబడి కంపు కొడితే కుండీ అడుగున రంధ్రం పూడిపోయి నీళ్లు నిలుస్తున్నట్టు. ఆకు ఈనెలు పసుపుపచ్చగా వలలా తేలితే పల్లాకు తెగులు, తెల్లదోమ తెచ్చే వైరస్, పీకేయడమే. ఇక ఎండు తెగులు. కాండం చీల్చి, లోపల గోధుమరంగు చారలు కనిపిస్తేనే దాని సంగతి ఆలోచించండి.